చేరినవా రెందరు? ముగించినవా రెందరు?

(గ్రంథాలయ వార్షికోత్సవ సభయందు ఒక న్యాయవాది చేసిన ఉపన్యాస పాఠము)



ఈ పఠనాలయమునకు నేను ప్రతిదినము వచ్చువాడనే గాని, ఈ వేదికమీదికి వచ్చుట ఇదియే మొదలు. విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. నేను ఉపాధ్యాయుడను గాను. ఒకరి దస్తావేజులు మరొకరి దస్తావేజులతో సరిచూచి బ్రదుకువాడను. విద్యయొక్క మహిమను వర్ణించుటకు నాకంటె పెద్దలు ఈ సభలో పలువురున్నారు. కావున నాకు చేతనైన పనినే చేసెదను. ఒక లెక్కల పుస్తకమును మీ యెదుట విప్పి, అందు ఏ పుట కొరవడినదో చూపెదను.

మైనరు ఆస్తికి సంరక్షకుడుగా నియమింపబడినవాడు న్యాయస్థానమునకు లెక్క చెప్పవలసియుండును. ఇంత జమ అయినది, ఇంత ఖర్చయినది, ఇంత నిలువ యున్నదని చూపవలెను. జమ పుట ఒక్కటి మాత్రము తెచ్చి, "ఇంత సొమ్ము నా చేతికి వచ్చినది, చిత్తగింపుడు" అని మురిసిపోవు సంరక్షకుని ఏ జడ్జీయు మెచ్చుకొనడు. మన కళాశాల విద్యకు సంబంధించిన లెక్క ఇంచుమించుగా ఈ జమ పుటయే.

కేంద్ర విద్యాశాఖవారు ఉన్నతవిద్యను గూర్చి అఖిల భారత పరిశీలన జరిపి నివేదికలు ప్రకటించుచుందురు. 2021-22 సంవత్సరపు నివేదికనుబట్టి, దేశమందలి ఉన్నత విద్యాలయములలో పేరు నమోదైయున్న విద్యార్థులు 4 కోట్ల 33 లక్షలు. పదునెనిమిది మొదలు ఇరువదిమూడు ఏండ్లలోపు వయసువారి జనసంఖ్యతో పోల్చిచూచిన ఇది నూటికి 28.4. స్త్రీల వరకు చూచిన 28.5, అనగా పురుషులకంటె వెంట్రుకవాసి ఎక్కువే. నా తల్లి కాలమున ఈ మాట చెప్పినచో ఎవ్వరును నమ్మియుండరు. షెడ్యూలు కులములవారిలో 25.9, షెడ్యూలు తెగలవారిలో 21.2. ఈ అంకెలు సభలలో చదువబడుచున్నవి, పత్రికలలో అచ్చుపడుచున్నవి. 2035 నాటికి దీనిని నూటికి ఏబది చేయవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము సంకల్పించినది.

మంచిదే. కాని ఇవి యన్నియు ద్వారము వద్ద నిలిచి లోనికి వచ్చినవారిని లెక్కించిన అంకెలు. 2019లో బి.యస్సీ. మొదటి సంవత్సరమున చేరిన నూర్గురు విద్యార్థులలో 2022 నాటికి పట్టము చేతబట్టుకొని వెలుపలికి వచ్చినవా రెందరు? ఆ నివేదికలోనే ఆ సంవత్సరమున ఉత్తీర్ణులైనవారు 1 కోటి 7 లక్షలని యున్నది. దీనిని 4 కోట్ల 33 లక్షలతో భాగించి చూతమా యనిన కుదురదు. వారిలో రెండేండ్ల చదువువారు కలరు, మూడేండ్లవారు కలరు, నాలుగేండ్లవారు కలరు. ఏ యేట చేరినవారు ఏ యేట తేలిరో ఆ అంకెలో తెలియదు. ఒక యేట చేరిన ఒక జట్టును కడవరకు వెంబడించిన లెక్క అది కాదు.

ఇంతకంటె విచిత్రమైన సంగతి మరియొకటి యున్నది. నమోదు లెక్కకు వయసుతో పనిలేదు. మూడేండ్లలో ముగింపవలసిన చదువును ఒక బాలుడు పరీక్ష తప్పి ఐదేండ్లు చదివినచో, ఆ రెండేండ్లును అతని పేరు పట్టికలో నిలిచియే యుండును. అనగా అతడు నిలిచిపోయినకొలది మన నమోదు అంకె పెరుగునే గాని తరుగదు. తీరని బాకీని ఆదాయపు పద్దులో వ్రాసికొను వర్తకుని మీరు చూచియే యుందురు. అతడు కొన్నాళ్లు బాగుగనే బ్రదుకును.

ఈ లోపమును కనుగొన్నవాడను నేనని అనుకొనకుడు. 1929లో హార్టాగు సంఘమువారు బ్రిటిషు ఇండియా ప్రాథమిక విద్యను పరిశీలించినప్పుడు, పాఠశాలల సంఖ్యనుజూచి సంతోషింపక, పిల్లల వెంట నడచిచూచిరి. 1922-23లో ఒకటవ తరగతిలో నున్న ప్రతి నూర్గురిలో 1925-26 నాటికి నాలుగవ తరగతిలో నున్నవారు పదునెనమండుగురు మాత్రమే. తక్కిన ఎనుబది ఇద్దరిలో కొందరు బడి మానిరి, కొందరు ఒకే తరగతిలో నిలిచిపోయిరి. మొదటిదానికి వ్యర్థత యనియు, రెండవదానికి స్తంభన యనియు ఆ సంఘమువారు పేర్లు పెట్టిరి. వారి సిఫారసులలో మన జాతీయనాయకులకు సమ్మతముకానివి పెక్కులుండెను. పాఠశాలలను పెంచుటకంటె ఉన్నవానిని చక్కజేయుటయే మేలను వాదము, గోఖలే 1911లో తెచ్చిన నిర్బంధవిద్యా బిల్లును త్రోసిపుచ్చిన ప్రభుత్వము నోట అంత వినసొంపుగా నుండదుగదా. అయినను పిల్లవాని వెంట నడచి లెక్కించిన ఆ పద్ధతి సరియైనదే.

ఆ పద్ధతినే నేటి పాఠశాలలకు వర్తింపజేసిన, 2024-25 నాటి కేంద్రవిద్యాశాఖ లెక్కలనుబట్టి, ఒకటవ తరగతిలో చేరిన నూర్గురిలో పండ్రెండవ తరగతి వరకు నిలుచువారు 47 మంది. పూర్వము నాలుగు మెట్లకే ఎనుబది ఇద్దరు జారిపోయిన చోట, ఇప్పుడు పండ్రెండు మెట్లకు ఏబది ముగ్గురు. ఆ ఏబది ముగ్గురిలో పదవ తరగతి పిమ్మట పాలిటెక్నికులోను, ఐ.టి.ఐ.లోను చేరినవారును కొందరుందురు. ఇది గొప్ప అభివృద్ధి. దీనిని తక్కువచేసి మాటలాడుట నా ఉద్దేశము కాదు.

ఎక్కడ జారుచున్నారో మాత్రము చూడుడు. ఆ లెక్కలలోనే ఒక్క సంవత్సరములో బడి మానినవారు మూడు, నాలుగు, ఐదు తరగతులలో నూటికి 2.3, ఆరు మొదలు ఎనిమిది వరకు 3.5, తొమ్మిది మొదలు పండ్రెండు వరకు 8.2. న్యాయవాదికి ఇందులో ఒక వింత కన్పట్టును. రాజ్యాంగపు 45వ అధికరణము పదునాలుగేండ్ల లోపు పిల్లలకు పదియేండ్లలో ఉచిత నిర్బంధవిద్య నీయవలెనని 1950లో ఆదేశించినది. పదియేండ్లు పోయి ఏబది యేండ్లు గడచిన పిమ్మట 2002లో 86వ సవరణ వచ్చినది. 2009లో విద్యాహక్కు చట్టము పుట్టి 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలయినది. ఆ హక్కు ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకే. అనగా ఎనిమిదవ తరగతితో హక్కు ముగియుచున్నది, తొమ్మిదవ తరగతినుండి జారుడు హెచ్చుచున్నది. వేలి గురుతు వేసినట్లు హద్దు తెలియుచున్నది.

నేను పదవ తరగతి చదివినది పల్లెటూరి జిల్లా పరిషత్తు హైస్కూలులో, తెలుగు మాధ్యమమున. 1996 నాటి మా తరగతి ఛాయాపటము నేటికిని నా గది గోడకు వ్రేలాడుచున్నది. నడిమి వరుస చివర నిలుచున్న బాలిక లెక్కలలో మా యందరికంటె దిట్ట. త్రికోణమితి నాకు తలకెక్కినది ఆమె చెప్పిన పిమ్మటనే. మా యూరికిని జూనియరు కాలేజీ యున్న ఊరికిని పదునాలుగు కిలోమీటర్లు. సాయంకాలపు బస్సు వచ్చిననాడు వచ్చును, రానినాడు రాదు. "చీకటి పడ్డాక ఆడపిల్లను రోడ్డుమీద నిలబెట్టలేను నాయనా" అని ఆమె తండ్రి మా హెడ్మాస్టరుగారితో చెప్పగా నేను విన్నాను. ఆ వేసవిలోనే పెండ్లి చేసినారు. ఆయన చెడ్డవాడు కాడు. ఆ బస్సు వేళకు వచ్చెడిదైనచో ఏమి చేసియుండెడివాడో నాకు తెలియదు.

ఇది పాతకాలపు కథ యని మీరనవచ్చును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, ఇరువది మొదలు ఇరువదినాలుగు ఏండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకమునుపే వివాహితలైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున 23.5. పదవ తరగతిలో ఉత్తీర్ణురాలై కాలేజీ మెట్టు నెక్కకయే పోవు బాలిక పేరు ఏ కళాశాల లెక్కలోను తప్పిపోయినట్లుండదు, అసలు ఎక్కినదే కాదు గనుక.

అదే ఛాయాపటములో నా ప్రక్కన నిలుచున్న మిత్రుడు కాలేజీకి వచ్చినాడు. గణితము, భౌతికశాస్త్రము తీసికొన్నాడు. తెలుగులో నేర్చిన చతుర్భుజమును ఆంగ్లములో గుర్తుపట్టుటకే మొదటి మూడు నెలలు పట్టినవి. భౌతికశాస్త్రము తప్పినాడు, సెప్టెంబరులో మరల వ్రాసినాడు, మరల తప్పినాడు. మూడవమారు రుసుము కట్టుటకు ఇంట సొమ్ము లేదు. ఇప్పుడు కోతయంత్రము నడుపుచున్నాడు, నాకంటె ఎక్కువగానే సంపాదించు నెలలున్నవి. కాని ఎక్కడ దరఖాస్తు పెట్టినను విద్యార్హత యను గడిలో పదవ తరగతి యని వ్రాయుచున్నాడు. రెండేండ్లు కాలేజీలో కూర్చున్నదానికి గురుతుగా అతని యొద్ద ఒక్క కాగితమును లేదు. వెనుకటి దినములలో ఉద్యోగపు విన్నపములలో "బి.ఏ. ఫెయిల్డ్" అని వ్రాసికొనువారుండిరి. మనము నవ్వుకొంటిమి. అంతదూరము నడచినానని చెప్పుకొనుటకు వారికి వేరొక దారి లేకుండెను.

ఈ మాధ్యమపు చిక్కు తరువాతి కాలమున రూపు మార్చుకొన్నది. ప్రభుత్వ పాఠశాలలే ఆంగ్లమాధ్యమమునకు మారుచున్నవి. మంచిచెడ్డలు వేరొక సభలో తర్కింతము. అయినను పదవ తరగతికిని, ఇంటరు మొదటి సంవత్సరమునకును నడుమనున్న గోయి పూడలేదు. తెలంగాణమున 2024లో పదవ తరగతి పరీక్ష వ్రాసినవారిలో నూటికి 91.31 మంది ఉత్తీర్ణులైరి. అందులో ఇంటరు చేరినవారు మరుసటి యేడు, అనగా 2025 మార్చిలో, మొదటి సంవత్సరపు పరీక్ష వ్రాసినారు. ఫలితము నూటికి 66 ప్రాంతమున నిలిచినది. ఒక్క యేటిలో పిల్లల బుద్ధి మందగింపదు. పదవ తరగతిలో నూరు మార్కులకు ఇరువది పాఠశాలలోనే వేయబడుచుండెను. ఇంటరులో భాషలు, శాస్త్రముల బరువు ఒక్కుమ్మడిగా పైబడును. చదివిన పాఠశాల, ఎరిగిన ఉపాధ్యాయుడు, నడచి పోగల దారి మూడును ఒకేమారు పోవును. మరియొక చిన్న సంగతి. పదవ తరగతి వరకు మధ్యాహ్నము బడిలో అన్నము దొరకును. ఇంటరు చేరిన తోడనే ఆ విస్తరి లేచిపోయెడిది. ఆంధ్రప్రదేశమున ప్రభుత్వ జూనియరు కాలేజీలలో మధ్యాహ్న భోజనమును 2025 జనవరిలో ప్రారంభించినారు. పదునాలుగు కిలోమీటర్లు బస్సులో వచ్చిన బిడ్డకు రెండుగంటలవేళ కడుపులో ఏమున్నదను ప్రశ్నకు పాఠ్యప్రణాళికతో సంబంధము లేదనుకొనువారు ఒకనాడు వచ్చి ఆ తరగతిలో కూర్చుండవలెను.

ఈ గోయిని దాటింపవచ్చుననుటకు మన యొద్దనే తార్కాణము కలదు. 1971లో నల్లగొండ ప్రాంతపు సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. వసతి, భోజనము, ఉపాధ్యాయుడు ఒక్కచోట నుండునట్లు చేసిన ఆ పద్ధతి పిమ్మట రెండు రాష్ట్రములలోను వందలకొలది గురుకులములుగా విస్తరించినది. దారిలో జారిపడుటకు కారణములైన వానిని ముందుగనే తొలగించుట అందలి కిటుకు. అందరిని గురుకులములలో నుంచుట అసాధ్యము. అయినను అందు నేర్చినదానిని బయటి కాలేజీలకు ఎంత తెచ్చితిమని అడుగవచ్చునుగదా.

ఇక కళాశాలలోని సంగతి. ఇది నేను నా ఆఫీసు కుర్చీలోనుండి చూచినది గనుక కొంత ఎక్కువ సేపు చెప్పెదను.

ఉమ్మడి రాష్ట్రమున 2008 ప్రాంతమునుండి పేద విద్యార్థుల ఫీజును ప్రభుత్వమే కాలేజీలకు చెల్లించు పద్ధతి వచ్చినది. వేలకొలది కుటుంబములలో మొదటి ఇంజనీరు, మొదటి పట్టభద్రుడు ఈ పద్ధతివలననే పుట్టినారు. ప్రభుత్వము మారిన కొలది పేరు మారినది; సొమ్ము ఆలస్యముగా వచ్చుట మాత్రము మారలేదు. సొమ్ము ఆలస్యమైనప్పుడు ప్రభుత్వముతో పోరాడుటకు కాలేజీ యజమానికి ధైర్యము చాలదు. అతని చేతికి అందుబాటులో నున్నవాడు విద్యార్థియే.

కొంతకాలము క్రిందట ఒక నేతపనివారి అబ్బాయి నా యొద్దకు వచ్చినాడు. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు ముగించినాడు, ఒక్క పరీక్షయు తప్పలేదు. హైదరాబాదులో ఉద్యోగము దొరికినది. పదిదినములలో అసలు సర్టిఫికెట్లు చూపవలెనని కంపెనీవారు వ్రాసినారు. కడపటి సంవత్సరపు ఫీజు ప్రభుత్వమునుండి రాలేదు గనుక కాలేజీవారు అతని కాగితములను బీరువాలో పెట్టి తాళము వేసినారు. పట్టపు కాగితమే కాదు. ఇంటరు మార్కుల జాబితా, పదవ తరగతి జాబితా సయితము. "లాయరుగారూ, ఆ పదో తరగతి కాగితం నేను ఊళ్లో చదివి తెచ్చుకున్నది. అది వాళ్లది ఎట్లా అయింది?" అని అడిగినాడు. చట్టము చదివిన నాకు ఇంతకంటె మంచి ప్రశ్న తోచియుండదు.

కాంట్రాక్టు చట్టపు 171వ సెక్షను బాకీకై వస్తువును పట్టియుంచుకొను హక్కు ఎవరెవరికి కలదో పేరుపేరున చెప్పుచున్నది. బ్యాంకరులున్నారు, రేవు గిడ్డంగులవారున్నారు, హైకోర్టు అటార్నీలున్నారు. కాలేజీలు లేవు. న్యాయవాదులమగు మేమును ఒకప్పుడు ఆ జాబితాలో చోటు వెదకికొంటిమి. ఫీజు బాకీకై కక్షిదారుని కాగితములను పట్టియుంచరాదని 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు మా వారొకరి వ్యాజ్యములో తేల్చి చెప్పినది. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు, అనగా యు.జి.సి., 2018లో ప్రకటన చేసినారు. ఇన్ని యుండియు, నోటీసు పంపి కాగితములు తెప్పించువరకు పదియారు దినములు పట్టినవి. పదిదినముల గడువు గల ఉద్యోగము పోయినది. ఆ అబ్బాయి ఉత్తీర్ణుల పట్టికలో నున్నాడు. పుస్తకములో అతని చదువు సఫలము. ఏ లెక్కయు పట్టుకొనలేని నష్టములు ఇట్టివి కొన్ని యుండును.

తప్పిన సబ్జెక్టులు తరువాతి సంవత్సరములకు మోసికొని పోవువారి అవస్థ మరియొకటి. బ్యాక్‌లాగు అను మాట నేడు పల్లెటూళ్లలోని తల్లులకు సయితము తెలిసినది. నాలుగేండ్లును కాలేజీకి పోయి, ఒక్క గణితపత్రము మిగిలిపోయి, పట్టములేక పనిలో చేరి, సెలవు దొరికినప్పుడు వ్రాయుదమనుకొనుచు ఏండ్లు గడపువారు మీలో ప్రతివాని వీధిలోను ఒకరిద్దరుందురు. వారి తలిదండ్రులు "మావాడు ఇంజనీరింగు చదివాడు" అందురు, "అయినాడు" అనరు. ఆ క్రియాపదములో నున్న తేడాను మన ప్రభుత్వ నివేదికలు ఇంకను గుర్తింపలేదు.

1920-21లో మహాత్ముని పిలుపు విని కళాశాలలను విడిచినవారు తలయెత్తికొని విడిచిరి. వారికొరకు బందరులో జాతీయ కళాశాల తలుపులు తెరచియుండెను. ఇప్పుడు విడుచువారు ఎవరికిని చెప్పకయే విడుచుచున్నారు. ఒక సోమవారమున హాజరు పిలిచినప్పుడు పలుకరు, అంతే.

2020 నాటి విద్యావిధానము వీరిని గూర్చి ఒక యోచన చేసినది. ఒక యేడు చదివి మానినవానికి సర్టిఫికెటు, రెండేండ్లకు డిప్లొమా, మూడేండ్లకు పట్టము, నాలుగేండ్లకు ఆనర్సు. చదివినంతవరకు సంపాదించిన క్రెడిట్లను భద్రపరచు బ్యాంకు ఒకటి 2021లో ఏర్పడినది. మరల వచ్చి చదువు కొనసాగింపవచ్చును. నా మిత్రునికి ఆనాడు ఇట్టిది యుండినచో ఉత్తచేతులతో పోయియుండడు. కావున దీనిని నేను నిందింపను. కాని నా వృత్తిలో ఒక అనుమానపు గుణమున్నది. ఒక యేటికే మానిన బాలుని "సర్టిఫికెటు పొంది నిష్క్రమించినవాడు" అని వ్రాసినచో, మానినవారి లెక్క ఒక్క కలపుపోటుతో మాయమగును. పట్టము ముగించినవారిని వేరుగను, నడుమ దిగినవారిని వేరుగను వ్రాయవలెను. దిగినవారిలో మరల ఎక్కినవా రెందరో అదియును వ్రాయవలెను.

ఇట్టి లెక్క ఎక్కడనైన ఉన్నదా యని మీరడుగుదురు. మన పిల్లలు వేలకొలదిగా పోవుచున్న అమెరికాలో ఉన్నది. 1990లో అక్కడ ఒక చట్టము చేసిరి. చేరిన జట్టులో ఎందరు చదువు ముగించిరో ప్రతి కళాశాలయు వెల్లడింపవలెను. చేరదలచిన పిల్లవాడు ముందుగనే చూచుకొనును. నాలుగేండ్ల కళాశాలలలో 2014లో చేరినవారిలో ఆరేండ్ల లోపల పట్టము పొందినవారు నూటికి 64. అంత సంపన్నదేశమున ముగ్గురిలో ఒకరు ఆరేండ్లకైనను ముగింపలేదన్నమాట. జాతులవారీగా చూచిన మరింత చేదుగా నుండును. 2010లో చేరినవారిలో ఆసియావారు నూటికి 74, తెల్లవారు 64, హిస్పానిక్కులు 54, నల్లవారు 40. లెక్క వ్రాసినంతనే వ్యత్యాసము పోలేదు. కాని అది లేదని బుకాయించుటకు ఎవరికిని వీలు లేకపోయినది. మన దేశమున షెడ్యూలు తెగల విద్యార్థులు నూటికి 21.2 చొప్పున కాలేజీలో నున్నారని చెప్పుచున్నాము. ఒక యేట చేరిన గిరిజన విద్యార్థులలో ఎందరు పట్టముతో తిరిగి మన్యమునకు పోయిరను ప్రశ్నకు ప్రతి కళాశాలయు జవాబు చెప్పవలసిన విధి మనకు లేదు.

అమెరికా లెక్కలోను లొసుగులు కలవు. మొట్టమొదటిమారు, పూర్తికాలపు చదువునకు చేరినవారినే అందు లెక్కింతురు. ఒక కళాశాల విడిచి మరియొకదానిలో ముగించినవాడు మొదటి కళాశాల పుటలో తప్పినవాడుగనే నిలుచును. అంతకంటె పెద్ద అపాయము మరియొకటి. ముగింపు లెక్కనుబట్టి కళాశాలకు మర్యాదయు, సొమ్మును ఈయదొడగినచో, ముగింపలేరని తోచిన పేదపిల్లలను చేర్చుకొనకుండుటయే సులభోపాయమని యజమానులు గ్రహింతురు. మనవారికి ఈ విద్య క్రొత్తది కాదు. ఉత్తీర్ణతాశాతము కొరకు మందబుద్ధులని ముద్రవేసిన పిల్లలను పరీక్షకు పంపక ఆపివేయుదురను ఫిర్యాదు మన ప్రైవేటు కాలేజీలను గూర్చి ఎంతకాలమునుండియో కలదు. కావున ఈ లెక్కకు శిక్షను, బహుమానమును ముడిపెట్టవలదు. ఎవరిని చేర్చుకొంటిరో, వారు ఏ బడినుండి, ఏ మాధ్యమమునుండి, ఎట్టి కుటుంబమునుండి వచ్చిరో, ఎందరిని గట్టెక్కించితిరో ప్రక్కప్రక్కన వ్రాసి గోడకు అంటించిన చాలును. ఏబది మందిని మాత్రమే గట్టెక్కించినను, అందరును మొదటితరము విద్యార్థులైన కాలేజీకి నేను చేతులెత్తి మ్రొక్కుదును.

ఇది అసాధ్యమని ఎవ్వరును చెప్పలేరు. పాఠశాలలలో 2022-23 నుండి ఒక్కొక్క విద్యార్థి వివరమును వేర్వేరుగా నమోదు చేయుచున్నారు. కళాశాలలలోనైతే లెక్క ఇదివరకే హాల్‌టికెట్టు మీద నున్నది. సాంకేతిక విశ్వవిద్యాలయపు హాల్‌టికెట్టు అంకెను చూడుడు. మొదటి రెండంకెలు చేరిన సంవత్సరము. పిమ్మటివి కాలేజీ గురుతు. చేరినవారి జాబితాను, ఉత్తీర్ణుల జాబితాను ప్రక్కప్రక్కన పెట్టుకొని, ఒక గుమాస్తా ఎర్రసిరాతో టిక్కు పెట్టుకొనుచు పోయినచో కొరవడినవారు తామే బయటపడుదురు.

కావున, ఈ గ్రంథాలయ సభ్యులకు నాదొక మనవి. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద ఒక దరఖాస్తు వ్రాసి తెచ్చినాను. ప్రైవేటు కాలేజీ నేరుగా మనకు జవాబు చెప్పనని తప్పించుకొనవచ్చును. విశ్వవిద్యాలయమునకు ఆ వీలు లేదు. "ఎందరు తప్పిపోయిరి?" అని అడిగితిమా, "అట్టి లెక్క మేము వేయలేదు, లేని సమాచారమును తయారుచేసి ఈయవలసిన పని మాకు లేదు" అని బదులు వచ్చును. చట్టరీత్యా అది సరియైన బదులే. అందుచేత లెక్కను అడుగలేదు. మన పట్టణములోని అనుబంధ కళాశాలలలో 2021లో ప్రవేశము ఆమోదింపబడినవారి జాబితాయు, 2024లోను, 2025లోను పట్టమునకు అర్హులైనవారి జాబితాయు, పేర్లు లేకుండ, హాల్‌టికెట్టు అంకెలు, సామాజికవర్గము మాత్రముండునట్లు అడిగినాను. పేర్లు అడిగినచో స్వవిషయమని త్రోసివేయుదురు. టిక్కులు మనమే పెట్టుకొందము.

రుసుము పదిరూపాయలు. ముప్పది దినములలో బదులు రావలెను. రాకున్న అప్పీలు నేను వ్రాసెదను, దానికి ఫీజు పుచ్చుకొనను. జాబితాలు చేతికి వచ్చిన పిమ్మట ఆదివారము మధ్యాహ్నములందు ఇచ్చట కూర్చుండి సరిచూచుటకు ఆరుగురు కావలెను. రాత్రిబడిలో నాతోపాటు పాఠము చెప్పు యువకులు ఇద్దరు ఒప్పుకొన్నారు. దరఖాస్తు నకలు వార్తాపత్రికల బల్లమీద, దిట్టమైన కాగితము క్రింద పెట్టినాను. దాని ప్రక్కన ఒక నోటుపుస్తకము కలదు. మీ వీధిలో చదువు ముగియక మిగిలిపోయినవారెవరైన నున్నచో, వారు సమ్మతించినయెడల, ఏ సంవత్సరమున చేరిరో, ఏ సబ్జెక్టు వద్ద ఆగిరో అందు వ్రాయుడు. పేరు వ్రాయవలసిన పనిలేదు.